తెర వెనక ప్రశ్నలు: సీన్ నంబరంటే సర్వే నంబరే

పోయిన నెల ఈ శీర్షికలో నా కంటిన్యుటీ పుస్తకాల గురించి నాలుగు మాటలు రాశాను. హైదరాబాద్‌లో సీరియల్ షూటింగ్ ఫ్లోర్ల మీద 19 ఏళ్లు కంటిన్యుటీ, అంటే ఒక షాటుకూ ఇంకో షాటుకూ పొంతన తప్పకుండా చూసే పని, చేసి ఇప్పుడు నల్లగొండ చేరి ఇంటిపట్టున ఉంటున్నదాన్ని. చదివేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారనుకుంటే సంచీడు ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి: మెటాడేటా. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (ఒక పాఠకుడు, దేవరకొండ): అక్కా, డిగ్రీ అయ్యాక ఒక డైలీ సీరియల్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి ఆరు నెలలైంది. క్లాప్ కొట్టడం, సీన్ పేపర్లు పంచడం నా పని. ఎడిటింగ్ రూమ్ నుంచి రెండు రోజులకోసారి ఫోన్ వస్తుంది, 'మీ మెటాడేటా సరిగ్గా లేదు' అని. అదేంటని అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుంటున్నా. ఏదైనా కంప్యూటర్ కోర్సు చేయాలా?

జవాబు: కోర్సు ఏమీ వద్దు తమ్ముడూ. రోజూ నీ చేతిలో ఉండే క్లాప్ బోర్డే మెటాడేటా. కెమెరా పట్టిన బొమ్మ ఒక ఎత్తు. అది ఏ ఎపిసోడ్‌ది, ఎన్నో సీను, ఎన్నో టేకు, ఎవరెవరు ఉన్నారు, కథలో అది ఏ రోజు, టేకు ఓకేనా ఎన్‌జీనా (నో గుడ్, అంటే పనికిరానిదా) అనే సమాచారం ఇంకో ఎత్తు. దీన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే చీటీ అవుతుంది. గళ్లు గీసుకుని, ఏ గడిలో ఏం రాయాలో ముందే అందరూ ఒప్పుకుని రాస్తే దాన్నే స్ట్రక్చర్డ్ మెటాడేటా అంటున్నారు. పేరు చూసి బెదిరిపోకు.

నీది దేవరకొండ కాబట్టి నీకు తొందరగా ఎక్కే సంగతి చెప్తాను. మా తాత అక్కడే ఒక ఊరికి పట్వారీ. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఆయన చేసింది ఈ పనే. ఊళ్లో ఒకే చెలకను ఒకాయన 'మర్రి కాడిది' అంటాడు, ఇంకొకాయన 'గుండ్ల చెలక' అంటాడు, కొన్నవాడు తన తండ్రి పేరు పెట్టి పిలుస్తాడు. తాత పహాణీలో ఆ పేర్లేవీ ఉండవు. సర్వే నంబరు 215, విస్తీర్ణం ఇంత, పట్టాదారు ఫలానా, అనుభవదారు ఫలానా, వేసిన పంట ఆముదం. అంతే. అన్నదమ్ములు పంచుకుంటే 215/అ, 215/ఆ అవుతుంది. అంతేగానీ రెండో ముక్కకు 216 అని పెట్టరు. 216 పక్కవాడిది, వాడు కర్ర పట్టుకుని వస్తాడు.

సీన్ నంబరూ అంతే. సీన్ పేపర్ ఒకసారి యూనిట్ చేతికి పోయిందంటే ఆ నంబరు మారకూడదు. 18కీ 19కీ మధ్య కొత్త సీను పుడితే 18ఏ అంటారు. సీను తీసేస్తే నంబరు అలాగే ఉంచి పక్కన 'ఓమిట్' అని రాస్తారు. ఖాళీ అయింది కదా అని ఆ నంబరు ఇంకో సీనుకు ఇవ్వరు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఏ సీరియలో చెప్పను. కొత్తగా వచ్చిన కో-డైరెక్టర్‌కు ఏ, బీ అంటూ తోకలు తగిలించడం నచ్చలేదు. మధ్యలో ఒక సీను చేరగానే పేపర్ మొత్తం మళ్లీ టైప్ చేయించి నంబర్లన్నీ ఒకటి ముందుకు జరిపాడు. అప్పటికే పాత నంబర్లతో మూడు సీన్లు తీసి ఉన్నాం. పాత 18లో మామగారు ఆస్పత్రిలో కన్నుమూస్తాడు. కొత్త 18లో అదే మామగారు, ముందు రోజు పొద్దున, ఇడ్లీ తింటూ పేపర్ చదువుతుంటాడు. రెండు సీన్ల క్లాప్ బోర్డు మీదా 18 అనే ఉంది. ఎడిటింగ్‌లో ఉన్న పిల్లవాడు నంబరు చూసి వరసగా పేర్చాడు. వాడి తప్పు లేదు, బోర్డు చెప్పిందే చేశాడు. ఛానల్‌కు ఎపిసోడ్ పంపడానికి గంట ముందు ప్రివ్యూ వేసుకుంటే ముందు చావు, ఆ తర్వాత ఇడ్లీ. ఆ గంట టెన్షన్ నా ఒక్కదానికే తెలుసు. కో-డైరెక్టర్ అప్పటికి ఇంటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఒక నంబరు ఎంత దూరం పోతుందో చూడు. రచయిత సీను రాసి 147వ ఎపిసోడ్, 9వ సీను అన్నాడు. దాన్ని విడగొట్టి నా పుస్తకంలో ఒక వరసగా ఎక్కిస్తాను: 'ఎపిసోడ్ 0147, సీన్ 09, పెద్ద హాలు, ఇంటీరియర్, రాత్రి, కథ రోజు 3, పాత్రలు 2, 5, 6, పెద్దకోడలు లుక్ 4, ప్రాపర్టీ: తాళాల గుత్తి, పగిలిన ఫొటో ఫ్రేమ్.' ఈ ఒక్క వరస నుంచే మేనేజర్ ఆర్టిస్టుల డేట్లు చూసుకుంటాడు, కాస్ట్యూమర్ చీర తీసి పెడతాడు, ప్రాపర్టీ వాళ్లు, అంటే సీన్లో వాడే వస్తువులు చూసేవాళ్లు, పగిలిన ఫ్రేమ్ పక్కన ఇంకో రెండు పగలని ఫ్రేములు ఉంచుకుంటారు. ఎవరూ మళ్లీ తిరగరాయరు. తిరగరాసిన ప్రతిసారీ ఒక తప్పు దూరుతుందని లెక్క పెట్టుకో.

ఫ్లోర్ మీద నువ్వు బోర్డు మీద అదే రాస్తావు. సౌండ్ రికార్డిస్టు తన మెషీన్‌లో అదే సీను, అదే టేకు కొడతాడు. అది ఆడియో ఫైల్ పొట్టలోనే కూర్చుంటుంది. బ్రాడ్‌కాస్ట్ వేవ్ అనే ఆ ఫైల్ పద్ధతిని యూరప్ ప్రసార సంస్థల సంఘం ఈబీయూ 1997లో పెట్టింది. తర్వాత వచ్చిన ఐఎక్స్ఎంఎల్ అనే భాగంలో సీను, టేకు, రికార్డిస్టు రాసుకున్న చిన్న నోటు అన్నీ పడతాయి. కాబట్టి ఫైల్ పేరు ఎవడు మార్చినా లోపలి చీటీ పోదు. పెద్ద కెమెరాలైతే తమ క్లిప్‌లకు తామే పేరు పెట్టుకుంటాయి. ఏ003సీ012 అంటే 'ఏ' అనే కెమెరా, మూడో కార్డు, పన్నెండో క్లిప్. ఆ పేరు జోలికి పోకు. 'అత్త ఏడుపు ఫైనల్' అని మార్చావో, ఎడిట్‌కూ అసలు ఫైల్‌కూ ఉన్న చుట్టరికం తెగిపోతుంది. నీ మాటలు నోట్స్ గడిలో రాసుకో, ఎవరూ వద్దనరు.

ఇక టైమ్‌కోడ్. మన టీవీకి సెకనుకు 25 ఫ్రేములు. గంట, నిమిషం, సెకను, ఫ్రేము అని నాలుగు జతల అంకెలు ప్రతి ఫ్రేముకూ ముద్ర పడతాయి. రెండు కెమెరాలకూ సౌండ్ మెషీన్‌కూ పొద్దున్నే ఒకే గడియారం పెడితే సాయంత్రం ఎడిటింగ్‌లో అవి వాటంతటవే కలుస్తాయి. రోజుకు ఇరవై ఒక్క లక్షల అరవై వేల ఫ్రేములు, దేని నంబరు దానిదే. అర్ధరాత్రి దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. నిన్న రాత్రి పదింటికీ ఇవాళ రాత్రి పదింటికీ టైమ్‌కోడ్ ఒకటే కాబట్టి కార్డు నంబరూ తేదీ కూడా రాయాలి. నైట్ షూట్లలో జనం బోల్తా పడేది ఇక్కడే.

నీకు ఫోన్లు ఎందుకొస్తున్నాయో నా ఊహ చెప్పనా? బోర్డు మీద టేకు నంబరు మార్చడం మర్చిపోతున్నావు, లేకపోతే పికప్ షాట్‌కు (సీనులో ఒక ముక్కనే మళ్లీ తీసేదానికి) కొత్త నంబరు వేయకుండా పాతదే కొడుతున్నావు. రేపు ఒక పని చెయ్. నేరుగా ఎడిటింగ్ రూమ్‌కి పోయి, చాయ్ తాగుతూ నీ నిన్నటి క్లిప్‌లు వాళ్లు ఎలా పేరుస్తున్నారో అరగంట చూడు. నవ్వితే నవ్వనీ.

ప్రశ్న (నలుగురు మిత్రులు, మహబూబ్‌నగర్): మేడం, మేం పిల్లలమర్రి దగ్గరా, కోయిల్‌సాగర్ కట్ట మీదా మూడు ఫోన్లతో ఎనిమిది భాగాల డ్రామా ఒకటి తీస్తున్నాం. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. మాకూ ఇవన్నీ కావాలా? కావాలంటే ఎన్ని గళ్లు?

జవాబు: ఎనిమిది భాగాలంటే మీకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మీలో ఏ ఒక్కరికీ జీతం లేదు. మూడో నెలలో ఒకడు ఉద్యోగానికి పోతాడు, వాడి తలకాయలో ఉన్నదంతా వాడితోపాటు బస్సెక్కుతుంది.

ఉచితంగా దొరికే షీట్ ఒకటి చాలు. గళ్లు మొదటే నలభై పెట్టకండి. నలభై పెట్టిన వాళ్లెవరూ రెండో రోజు నింపగా నేను చూడలేదు. భాగం, సీను, షాటు, టేకు, ఏ ఫోను, ఫైల్ పేరు, ఓకేనా కాదా, కథ రోజు, నోట్స్. ఈ తొమ్మిదీ తప్పకుండా నింపండి. పదోది కావాలనిపిస్తే మొదటి భాగం ఎడిటింగ్ అయ్యాక పెట్టుకోండి, అప్పటికి దేనికి ఏడ్చారో మీకే తెలుస్తుంది.

షీట్‌లో ఒక గమ్మత్తు ఉంది. సీను 9, షాటు 2 అని చెప్పడానికి 9-2 అని కొడితే అది తేదీ అనుకుని ఫిబ్రవరిలోనో సెప్టెంబరులోనో పడేస్తుంది. 01 అని కొడితే ముందున్న సున్నా మింగేస్తుంది. అందుకని గడిని ముందే 'టెక్స్ట్' అని మార్చుకోండి, లేదా అంకె ముందు ఒక అక్షరం పెట్టండి. సున్నా మాత్రం వదలొద్దు. సున్నా లేకపోతే కంప్యూటర్ 1 తర్వాత 10, 11, 12 పేర్చి ఆ తర్వాత 2ను తెస్తుంది. డైలీ సీరియళ్లలో ఎపిసోడ్‌కు నాలుగు అంకెలు ఎందుకు వేస్తామంటే వెయ్యి దాటడం అక్కడ వింతేమీ కాదు. మీకు రెండు చాలు.

మూడు ఫోన్లలోనూ గడియారం నెట్‌వర్క్ టైముకే పెట్టండి, ఫ్రేమ్ రేటు మూడింటిలోనూ ఒకటే ఎంచుకోండి. ఫోన్లు ఎంచుకున్న రేటుకు కూడా కచ్చితంగా నిలబడవు, కాస్త అటూ ఇటూ ఊగుతాయి. అందుకని ప్రతి టేకు మొదట్లో మూడింటికీ కనబడేలా గట్టిగా చప్పట్లు కొట్టి, సీను నంబరు నోటితో గట్టిగా చెప్పండి. బోర్డు లేకపోయినా నోరు ఉంది కదా.

క్లిప్‌లు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపుకోవద్దు. బొమ్మ నలిగిపోతుంది, తీసిన టైము వగైరా లోపలి వివరాలూ పోతాయి. తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి. మంచిది మాత్రం కేబుల్‌తో రెండు వేర్వేరు డిస్కుల్లోకి దించుకోవడం. దించాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూసుకున్నాకే ఫోన్లోంచి తీసేయండి. పెద్ద యూనిట్లలో ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అని ఒక లెక్క తీసి, అసలుదీ నకలుదీ అక్షరం అక్షరం కలిసిందో లేదో చూస్తారు. అది చేసిపెట్టే ఉచిత ప్రోగ్రాములూ ఉన్నాయి.

పిల్లలమర్రి దగ్గర ఊడల మధ్య వెలుతురు గంటగంటకూ మారుతుంది. నోట్స్ గడిలో టైము రాసుకోండి. మిగిలిపోయిన ముక్క తీసే ప్యాచ్ షాట్‌కు మళ్లీ పోయినప్పుడు అది మీకు దేవుడిలా కనబడుతుంది.

ప్రశ్న (రిటైర్డ్ టీచర్, గద్వాల): అమ్మా, మా ఇంటావిడ చూసే సీరియల్‌లో కోడలు వంటింట్లో ఉన్నంతసేపు మెడలో నల్లపూసలు ఉన్నాయి. హాల్లోకి అడుగు పెట్టేసరికి లేవు. ఇంతమంది జీతాలు తీసుకుంటారు, ఒక్కరికీ కనబడదా?

జవాబు: మాస్టారూ, ఆ కోడలు వంటింట్లోంచి హాల్లోకి రావడానికి పదకొండు రోజులు పట్టి ఉంటుంది. వంటిల్లు సెట్‌లో ఆ వారం సీన్లన్నీ ఒకేసారి తీసేస్తారు. హాలు సీన్లు అత్తపాత్ర ఆర్టిస్టు డేట్లు దొరికినప్పుడు. తెర మీద ఒక్క అడుగు, మాకు మధ్యలో నలభై సీన్లు.

అందుకే 'కథ రోజు' అనే గడి. షూటింగ్ తేదీతో దానికి సంబంధం లేదు. కథలో మూడో రోజు రాత్రి ఆ అమ్మాయి ఎలా ఉందో దానికి ఒక లుక్ నంబరు ఇస్తాం. లుక్ 4 అంటే ముదురాకుపచ్చ చీర, ఎర్ర అంచు, జడకు రబ్బరు బ్యాండు, కుడి చేతికి ఆరు గాజులు, ఎడమ చేతికి వాచీ, నల్లపూసలు పైటకు బయట. ముందు, పక్క, వెనక మూడు ఫొటోలు తీసి, ఫొటో పేరులోనే పాత్ర నంబరు, లుక్ నంబరు పెడతాం. ఆ నంబరుతో ఉన్న సీన్లన్నీ వడపోసి చూస్తే ఎక్కడెక్కడ ఆ చీర రావాలో నిమిషంలో తేలుతుంది. ఫోన్ గ్యాలరీలో మూడు వేల ఫొటోల మధ్య వెతికితే లంచ్ బ్రేక్ అయిపోతుంది.

మీరు చూసిన దాంట్లో ఫొటోలు ఉండే ఉంటాయి. నంబరు ఉండి ఉండదు. ఇంటావిడ కళ్లకు నా నమస్కారం చెప్పండి, అలాంటి కళ్లు ఫ్లోర్ మీద అవసరం.

ప్రశ్న (మాటల రచయిత, మిర్యాలగూడ): ఎన్నో ఏళ్లుగా అను ఫాంట్‌లోనే సీన్లు టైప్ చేస్తున్నాను. ఈమధ్య ఒక నిర్మాణ సంస్థ యూనికోడ్‌లోనే కావాలని పట్టుబట్టింది. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి కదా, ఎందుకీ పంతం?

జవాబు: కాగితం మీద ఒకటే అన్నా. కంప్యూటర్‌కు కాదు. అను లాంటి పాత ఫాంట్లలో మీరు 'తాళాలు' అని కొడితే లోపల దాచుకునేది ఏవో ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. వాటికి ఆ ఫాంట్ తెలుగు ముసుగు తొడుగుతుంది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ముసుగు జారిపోతుంది, పిచ్చిగీతలు మిగులుతాయి. యూనికోడ్‌లో 'తా' అంటే 'తా'నే, ఎక్కడ తెరిచినా. రెండు వందల ఎపిసోడ్లలో తాళాలగుత్తి మాట ఏయే సీన్లలో వచ్చిందో వెతకాలంటే ఆ తేడా అన్నం పెడుతుంది. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ ఒత్తుల దగ్గర ఒకసారి కళ్లతో చూసుకోండి.

ఇంకో మాట. యూనికోడ్ వాడినా పాత్ర పేరును నమ్ముకోవద్దు. ఒక సీరియల్‌లో నేను ఒకే అమ్మాయిని 'శ్రావణి', 'శ్రావని', 'చిన్నకోడలు', 'శ్రావణి (చిన్న)' అని నాలుగు రకాలుగా చూశాను. లెక్క తీస్తే నలుగురు ఆర్టిస్టులు తేలారు. అందుకే పాత్రకు ఒక అంకె. 6 అంటే శ్రావణి, పెళ్లయి ఇంటిపేరు మారినా, ఆర్టిస్టు మారినా 6 ఆరే. మన సీరియళ్లలో ఆర్టిస్టు మారడం ఎంత మామూలో మీకు నేను చెప్పాలా? పాత్ర ఒక గడి, ఆర్టిస్టు ఒక గడి, డబ్బింగ్ గొంతు ఇంకో గడి. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయిన చోట ఈ మూడూ విడివిడిగా లేకపోతే డబ్బింగ్ థియేటర్‌లో గొడవే.

మీరు యాస రాస్తారు కాబట్టి ఒక గడి అడిగి పెట్టించుకోండి. 'నల్లగొండ యాస, పెద్దామె, కోపం లేదు, ఎకసెక్కం' అని డైలాగ్ పక్కన ఉంటే చెప్పే అమ్మాయి దాన్ని తిట్టులా చెప్పదు. 'నీకేం తక్కువైంది బిడ్డా' అనే మాటకు మన దగ్గర ఎన్ని అర్థాలున్నాయో!

ఫైళ్ల పేర్లకు మాత్రం తెలుగు వద్దంటాను, మనసు కష్టపెట్టుకోకండి. ఎడిటింగ్ నుంచి ఇంకో చోటికి కట్‌ల లిస్టు పంపడానికి ఇప్పటికీ నడిచే సీఎంఎక్స్ 3600 అనే పాత పద్ధతిలో రీలు పేరుకు ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలే చోటు. తెలుగు లోపలికి, అంకెలు పైకి.

ప్రశ్న (లైబ్రరీ సైన్స్ విద్యార్థిని, నల్లగొండ): మేడం, పుస్తకాలకు కేటలాగ్ ఉన్నట్టు సీరియళ్లకు ఉండదా? టెలికాస్ట్ అయిపోయాక ఈ సమాచారం ఎవరికి కావాలి?

జవాబు: ఎవరికి కావాలో ఒక రాత్రి చెప్తుంది విను. నేను ఒక సీరియల్‌లో చేరేనాటికి దానికి మూడు వందల ఎపిసోడ్లు దాటాయి. 312కు ఫ్లాష్‌బ్యాక్ కావాలి: బతుకమ్మ పండుగ నాడు అత్తగారు పెద్దకోడలికి ఇనప్పెట్టె తాళాలు అప్పగించే షాటు. 'మొదట్లో ఎప్పుడో తీశాం' అన్నారు. స్టీలు బీరువాలో పద్నాలుగు హార్డ్ డిస్కులు. ఒకదాని మీద 'పాతవి' అని రాసి ఉంది, ఇంకోదాని మీద 'ఇంకా పాతవి'. లోపల 'న్యూ ఫోల్డర్', 'న్యూ ఫోల్డర్ 2', 'డైరెక్టర్ గారు చూడాలి'. రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటే మూడింటికి దొరికింది. పొద్దున టెలికాస్ట్‌కు పంపాక తెలిసింది, మేం వాడింది ఎన్‌జీ టేకు. తాళాలు ఇస్తూ అత్తగారి చూపు ఒక్క క్షణం కెమెరా వైపు పోతుంది. ఓకే టేకు ఏదో చెప్పే కాగితం ఏ డిస్కులోనూ లేదు. నా మొదటి కంటిన్యుటీ పుస్తకం కొన్నది ఆ సాయంత్రమే, ఫ్లోర్ పక్క కిరాణా కొట్లో, చాకలి పద్దుల నోట్‌బుక్.

కేటలాగ్ ఉంది, నీ సిలబస్‌లోనే ఉంది. డబ్లిన్ కోర్ చదివే ఉంటావు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో కూర్చుని మొదలుపెట్టారు, ఐర్లండ్ డబ్లిన్ కాదు. పేరు, కర్త, తేదీ, భాష, హక్కులు ఇలా పదిహేను గళ్లు. దాని మీదే కట్టి ఈబీయూ వాళ్లు టీవీ, రేడియోల కోసం ఈబీయూకోర్ తయారు చేశారు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉన్నట్టే సినిమాలకూ సీరియళ్లకూ ఐసాన్ అని అంతర్జాతీయ నంబరు ఉంది. అందులో ఎపిసోడ్ కోసం విడిగా నాలుగు స్థానాలు కేటాయించారు. ఒక్కో స్థానంలో పదహారు గుర్తుల్లో ఏదో ఒకటి పడుతుంది, అంటే మొత్తం 65,536 ఎపిసోడ్లకు చోటు. వారానికి ఆరు చొప్పున వేసుకున్నా రెండు వందల పదేళ్లు సాగదీయొచ్చు. ఇది ఎక్కడా బయటపెట్టకు, మనవాళ్లకు ఆశ పుడుతుంది.

నీలాంటి వాళ్లు ఫ్లోర్ల మీదకు రావాలని నా కోరిక. లైబ్రరీలో పుస్తకం వచ్చాక కేటలాగ్ చేస్తారు. ఇక్కడ వస్తువు తయారవుతున్నప్పుడే చేయాలి, అప్పుడే చవక. టేకు ఓకే అన్న క్షణంలో ఒక టిక్కు పెట్టడానికి రెండు సెకన్లు. ఆరు నెలల తర్వాత అదే టిక్కుకు ఆరు గంటలు, అదీ తప్పు టిక్కు. హక్కుల గడి కూడా చూడు: వెనక వినిపించిన పాటకు అనుమతి టీవీకేనా, ఓటీటీకి కూడానా? సీరియల్ ఇంకో భాషలోకి అమ్ముడుపోయే రోజున లాయర్ అడిగేది నీ గడినే.

ప్రశ్న (ఒక పాఠకుడు, సూర్యాపేట): ఇవన్నీ రేపు ఏఐ చేసేస్తుంది కదా మేడం?

జవాబు: కొంత ఇప్పుడే చేస్తోంది. మాటలు విని రాసిపెడుతుంది, ముఖం చూసి ఎవరో చెప్తుంది. ఆ తాళాల షాటును అది నిమిషంలో వెతికిపెట్టేదేమో. కానీ కథలో అది మూడో రోజా నాలుగో రోజా అన్నది బొమ్మలో ఉండదు, రచయిత తలలో ఉంటుంది. డైరెక్టర్ పెదవి విరిచి 'సరే, ఓకే' అన్నది ఓకేనా కాదా అన్నది ఆ పక్కన నిలబడ్డ మనిషికే తెలుస్తుంది. నేనైతే దాన్ని రెండు చుక్కల ఓకే అని గుర్తు పెట్టేదాన్ని.

ప్రశ్న (కాస్ట్యూమ్ డిజైన్ నేర్చుకుంటున్న పాఠకురాలు, వనపర్తి): అక్కా, మీ కంటిన్యుటీ పుస్తకాలు అమ్ముతారా? జిరాక్స్ అయినా ఇస్తారా?

జవాబు: అమ్మను చెల్లీ. మొత్తం ఇరవై మూడు ఉండాలి, ఇరవై రెండే ఉన్నాయి. ఏడో నంబరు పుస్తకం ఒక కుర్రాడు 'ఒక్క రాత్రికి' అని తీసుకెళ్లాడు, ఇప్పుడతను పెద్ద డైరెక్టర్. ఖాళీ గళ్ల పేజీ ఒకటి సంపాదకులకు పంపాను, వచ్చే సంచికలో వేస్తామన్నారు. దాన్ని జిరాక్స్ తీసుకో. లుక్ గడి నీకు సరిపోకపోతే వెడల్పు చేసుకో, చీరల వాళ్లకు అది ఎప్పుడూ సరిపోదు.